నేతవాని కుమారుడు – ఆండ్రూ కార్నెగీ

స్కాట్లండు దేశమున డన్‌ఫర్మ్‌లిన్ అను ప్రాచీన పట్టణము కలదు. పూర్వము స్కాట్లండు రాజులలో పెక్కుమందికి అది నివాసస్థానము. కాని పందొమ్మిదవ శతాబ్దారంభమున ఆ పట్టణమునకు కీర్తి తెచ్చినవారు రాజులు కారు, నేతపనివారు. నారబట్టపై పువ్వులును లతలును తేలునట్లు నేయుటలో వారు సిద్ధహస్తులు. సంపన్నుల భోజనపు బల్లలపై పరచు మేలైన వస్త్రములు అచ్చట తయారగుచుండెడివి. నేతగాడు ఇంటి క్రింది భాగమున మగ్గము వేసికొని, పై భాగమున ఆలుబిడ్డలతో కాపురముండెడివాడు. వర్తకుడు ఇచ్చిన నూలును వస్త్రముగా నేసి కూలి పుచ్చుకొనెడివాడు. తలమీద నిలిచి అదలించు యజమాని అతనికి లేడు. చేతిలోని పనితనమే అతని ఆస్తి. అదియే అతని గౌరవము.

అట్టి నేతగాండ్రలో విలియం కార్నెగీ ఒకడు. 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఆయనకు ఆండ్రూ అను కుమారుడు కలిగెను. విలియం శాంతస్వభావుడు, చదువునందు ప్రీతి గలవాడు. భార్య మార్గరెట్ చెప్పులు కుట్టు కుటుంబమున పుట్టినది. ఆమె తండ్రి వృత్తిచేత చర్మకారుడయ్యును, పేదలకు వోటుహక్కు ఉండవలెనని సభలయందు గట్టిగా వాదించిన వక్త. తండ్రియొద్దనుండి పనియందలి నైపుణ్యమును, తల్లియొద్దనుండి సాటిలేని పట్టుదలయును ఆ బాలునకు సంక్రమించెను.

ఆండ్రూ బాల్యమున జరిగిన ఒక చిన్న విషయము అతని భవిష్యత్తును సూచించునట్లున్నది. అతడు కుందేళ్లను పెంచుచుండెడివాడు. వాటి సంతతి పెరిగినకొలది వాటికి మేత సమకూర్చుట కష్టమయ్యెను. అప్పుడతడు ఇరుగుపొరుగు బాలురను చేరబిలిచి, ఎవరు మేత తెచ్చిపెట్టుదురో వారి పేర్లను కుందేలుపిల్లలకు పెట్టుదునని చెప్పెను. పిల్లలందరు సంతోషముతో సెలవుదినములయందు ఆకులు కోసి తెచ్చిరి. కుందేళ్లు ఆండ్రూవి, శ్రమ స్నేహితులది, వారికి దక్కిన ప్రతిఫలము పేరు మాత్రమే. పలువురి శ్రమను ఒక పనికి కూర్చు నేర్పు అతనికి పసితనముననే అబ్బినది. ఆ నేర్పులోని మేలును, అందులోని కీడును కూడ అతని తరువాతి జీవితమున మనము చూడగలము.

ఆండ్రూకు పదునొకండేండ్లు దాటుసరికి ఆ కుటుంబమునకు కష్టకాలము దాపురించెను. ఆవిరియంత్రముచే నడచు మగ్గములు ఆ పట్టణమునకు వచ్చెను. చేతిమగ్గము దినములపాటు నేయు బట్టను అవి స్వల్పకాలమున తక్కువ ఖర్చుతో నేయసాగెను. వర్తకులు నేతగాండ్రకు నూలు ఇచ్చుట తగ్గించిరి, తుదకు మానివేసిరి. ఇరువది ఏండ్లు నేర్చిన విద్య ఒక్కమారుగా విలువలేనిదయ్యెను. విలియం తప్పు చేసినవాడు కాడు, సోమరి కాడు. అయినను ఒకనాటి సాయంకాలము ఆయన ఇంటికి వచ్చి, తనకు ఇక పని లేదని కుమారునితో చెప్పవలసి వచ్చెను. పని చేయగల తండ్రి పనికొరకు ఇతరులను యాచించుట చూచిన ఆ బాలుడు, పెద్దవాడైన తరువాత ఈ దైన్యమును తమ యింటినుండి తరిమివేయవలెనని మనసున నిశ్చయించుకొనెను. తల్లి చిన్న దుకాణము తెరచియు, చెప్పులు కుట్టియు సంసారము గడపెను.

అమెరికాలోని పిట్స్‌బర్గు ప్రాంతమున మార్గరెట్ సోదరీమణులు స్థిరపడియుండిరి. అచ్చటికి పోవుటయే మేలని దంపతులు తలంచిరి. మగ్గములను అమ్మివేయగా వచ్చిన సొమ్ము దారిఖర్చులకు చాలలేదు. తల్లి స్నేహితురాలొకతె ఇరువది పౌనులు అప్పిచ్చి ఆదుకొనెను. 1848వ సంవత్సరమున విలియం దంపతులు ఆండ్రూను, అతని తమ్ముడగు టామును వెంటబెట్టుకొని గ్లాస్గో రేవున ఓడ నెక్కిరి. ఏడు వారములు సముద్రముపై ప్రయాణము చేసి న్యూయార్కు చేరిరి. అచ్చటినుండి కాలువలమీదుగా, సరస్సుమీదుగా, నదిమీదుగా మరికొన్ని వారములు పయనించి పిట్స్‌బర్గునకు ఎదుటి ఒడ్డున నున్న ఆల్లిగెనీ పట్టణము చేరుకొనిరి.

క్రొత్త దేశమునందును విలియం మగ్గమునే నమ్ముకొనెను. బల్లగుడ్డలు నేసి, తానే మోసికొని ఇంటింట తిరిగి అమ్మెను. అందులో వచ్చిన రాబడి అత్యల్పము. గత్యంతరము లేక ఆయన ఒక నూలుమిల్లులో కూలికి చేరెను. అదే మిల్లులో పదుమూడేండ్ల ఆండ్రూకు కండెలు అందించు పని దొరకెను. జీతము వారమునకు ఒక డాలరు ఇరువది సెంట్లు. చలికాలమున చీకటితో లేచి మిల్లునకు పోవలెను. మరల చీకటిపడిన తరువాత ఇల్లు చేరవలెను. మధ్యాహ్నము కొలదిసేపు మాత్రమే విరామము. పనియందు ఆ బాలునకు ఆనందమేమియు లేకుండెను. అయినను మొదటి వారము జీతమును తల్లిచేతిలో నుంచిన క్షణమున అతడు పొందిన తృప్తి, తరువాత ఆర్జించిన కోట్ల డాలర్లవలన కూడ కలుగలేదని ఆయన వృద్ధాప్యమున వ్రాసికొనెను. తానిక పరులపై ఆధారపడిన పసివాడు కాడు. కుటుంబమును పోషించువారిలో ఒకడు. శ్రమకు గల మొదటి మహిమ ఇదియే.

శ్రమలోని రెండవ ముఖమును కూడ అతడు త్వరలోనే చూచెను. కండెలు తయారుచేయు మరియొక కర్మాగారమున అతనికి వారమునకు రెండు డాలర్ల జీతముతో ఉద్యోగమయ్యెను. నేలమాళిగలో నుండు ఆవిరియంత్రమును ఒంటరిగా కనిపెట్టుకొనియుండుట ఆ పని. ఆవిరి తగ్గినచో పైనున్న పనివారు కేకలు వేయుదురు. హెచ్చినచో బాయిలరు ప్రేలిపోవును. ఆ భయము పగటితో ముగియలేదు. రాత్రివేళ నిద్రలో కూడ అతడు లేచి కూర్చుండి ఆవిరి కొలతను సరిచూచుకొనుచున్నట్లు కలలు కనుచుండెను. తరువాత అప్పగించిన పని, క్రొత్త కండెలను నూనెలో ముంచి తీయుట. ఆ నూనె వాసనకు అతనికి కడుపులో త్రిప్పి వాంతులగుచుండెను. ఐనను తలిదండ్రులు దుఃఖింతురని ఈ సంగతులేవియు ఇంట చెప్పలేదు. అచ్చటనే లెక్కలు వ్రాయుటకు అప్పుడప్పుడు అవకాశము కలుగగా, మిత్రులతో కలిసి రాత్రిబడికి పోయి జమాఖర్చుల పద్ధతి నేర్చుకొనెను.

తరువాత అతడు పిట్స్‌బర్గు తంతి కార్యాలయమున వార్తలు చేరవేయు బంట్రోతుగా వారమునకు రెండున్నర డాలర్ల జీతముపై కుదిరెను. పట్టణము అతనికి క్రొత్త. అందుచే వీథుల పేర్లను, వ్యాపార సంస్థల పేర్లను వరుసగా కంఠస్థము చేసెను. వర్తకుల ముఖములను గుర్తుపెట్టుకొని, వీథిలో కనబడినచోటనే వార్త అందించుచుండెను. ఉదయమున కార్యాలయము ఊడ్చుటకు ముందుగా వచ్చి, తంతియంత్రముపై అభ్యాసము చేయుచుండెను. ఆ కాలమున యంత్రము చేయు చప్పుళ్లను కాగితముపై గుర్తులుగా తీసి, పిదప చదివెడివారు. ఆండ్రూ ఆ చప్పుళ్లను చెవితో వినియే వార్తను గ్రహించుట నేర్చెను. అట్లు చేయగలవారు అప్పటికి మిక్కిలి అరుదు. త్వరలోనే అతడు నెలకు 25 డాలర్ల జీతముపై తంతిగుమాస్తా అయ్యెను.

ఈ కాలముననే కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను ఉదారుడు, సుమారు 400 గ్రంథములు గల తన సొంత గ్రంథాలయమును పనిచేయు బాలురకొరకు తెరచెను. ప్రతి శనివారము ఒక పుస్తకమును తీసికొనిపోయి, మరుసటి శనివారము మార్చుకొనవచ్చును. బడిచదువు అంతరించిన ఆండ్రూకు అది చీకటియింట గవాక్షము తెరచినట్లయ్యెను. అటుపిమ్మట ఆ పుస్తకములు పట్టణపు గ్రంథాలయమునకు చేరినప్పుడు, వృత్తిశిక్షణ పొందుచున్నవారికి గాక మిగిలిన పనిబాలురకు ఏటా రెండు డాలర్ల రుసుము విధించిరి. ఆండ్రూ ఒక వార్తాపత్రికకు లేఖ వ్రాసి, న్యాయము వాదించి, తనవంటివారికి కూడ ఉచిత ప్రవేశము సాధించెను.

ఒకమారు కార్యార్థియై నదిలో ఓడపై పోవుచుండగా, అతనికి తన తండ్రి అదే ఓడలో కనబడెను. విలియం తాను నేసిన బల్లగుడ్డలను అమ్ముకొనుటకు దూరపు పట్టణములకు పోవుచుండెను. గదికి రుసుము చెల్లింపలేక, బయట తట్టుపైననే రాత్రి గడుపుటకు సిద్ధపడియుండెను. అంత నేర్పరి అట్టి స్థితిలో నుండుట చూచి కుమారుని హృదయము కరగిపోయెను. తలిదండ్రులు బండి నెక్కి తిరుగు దినము త్వరలో వచ్చునని అతడు తండ్రిని ఓదార్చెను. ఆ దినము వచ్చునప్పటికి తండ్రి లేడు. విలియం కార్నెగీ 1855లో మరణించెను. యంత్రము ఆయనను చంపలేదు. కాని ఆయన విద్యను చంపి, ఆయన ఉత్సాహమును హరించినది.

1853లో పెన్సిల్వేనియా రైల్వే అధికారి థామస్ స్కాట్ ఆండ్రూను నెలకు 35 డాలర్ల జీతముపై తన కార్యదర్శిగాను, తంతిగుమాస్తాగాను నియమించెను. మూడేండ్ల పిదప స్కాట్ ప్రోత్సాహముతో ఆండ్రూ ఆడమ్సు ఎక్స్‌ప్రెస్ అను రవాణా సంస్థలో పది వాటాలు కొనెను. అందులకు వలయు సొమ్ము ఇంటలేదు. తల్లి తమ చిన్న యింటిని తాకట్టుపెట్టి కుమారునికి తోడ్పడెను. కొలదికాలమునకు లాభాంశము క్రింద పది డాలర్ల చెక్కు వచ్చెను. ఆండ్రూ ఆశ్చర్యముతో దానిని స్నేహితులకు చూపెను. అంతవరకు అతడు సంపాదించిన ప్రతి సెంటునకు వెనుక తన చెమట కలదు, తన నిద్రలేమి కలదు. ఈ పది డాలర్లు మాత్రము అతడు నిద్రించుచున్నప్పుడు కూడ పుట్టిన ధనము. శరీరము ఒక దినమున పదిరెండు గంటలకు మించి శ్రమింపలేదు. పెట్టుబడికి అట్టి హద్దు లేదు. తండ్రి ఎన్నడు నెరుగని ఈ రహస్యము కుమారునికి ఇరువదియొకటవ యేటికి తెలిసివచ్చెను.

తరువాతి అభివృద్ధి శీఘ్రముగ జరిగెను. 1859లో అతడు రైల్వే పశ్చిమ విభాగమునకు అధికారి అయ్యెను. శయన సౌకర్యముగల రైలుపెట్టెలు తయారుచేయు సంస్థలోను, నూనెబావులలోను, ఇనుప వంతెనలు నిర్మించు సంస్థలోను వాటాలు సంపాదించెను. అప్పటివరకు రైలుదారి వంతెనలు కొయ్యతో కట్టబడి, అగ్నిప్రమాదములకును వరదలకును గురియగుచుండెడివి. ఇనుప వంతెనల కాలము రాబోవుచున్నదని ఆయన గ్రహించెను. జీతముకన్న లాభములే ఎన్నో రెట్లు హెచ్చుగా నుండగా, 1865లో ఉద్యోగము వదలి స్వతంత్ర వ్యాపారమున దిగెను.

1868వ సంవత్సరాంతమున ముప్పదిమూడేండ్ల కార్నెగీ ఒక కాగితముపై తనకొరకు కొన్ని మాటలు వ్రాసికొనెను. సంవత్సరమునకు 50,000 డాలర్ల ఆదాయము చాలుననియు, దానికి మించి కూడబెట్టుట అనవసరమనియు, ధనారాధన మనుష్యుని దిగజార్చుననియు అందు తలపోసెను. రెండేండ్లలో వ్యాపారము మాని చదువు సాగింపవలెనని సంకల్పించెను. ఆ సంకల్పము నెరవేరలేదు. మరి ముప్పదిరెండేండ్లు ఆయన ధనార్జన చేయుచునే యుండెను. అయినను ఆ కాగితమును పారవేయలేదు. ధనము చేతిలో పెరుగుచున్నను, దాని భారము మనసున మెదలుచునే యుండెను.

1872లో ఇంగ్లండు వెళ్లినప్పుడు బెస్సిమర్ పద్ధతిని ఆయన కన్నులార చూచెను. కరగిన ఇనుముగుండ గాలిని బలముగ ఊదినచో అందలి బొగ్గుపాలు, మలినములు మండిపోయి, కొలది నిమిషములలో టన్నులకొలది ఉక్కు తయారగును. ఇనుప పట్టాలు త్వరగా అరిగిపోవుచుండెను. ఉక్కు పట్టాలు పెక్కేండ్లు మన్నును. పిట్స్‌బర్గు సమీపమున బ్రాడాకు అనుచోట గొప్ప ఉక్కు కర్మాగారమును కట్టుటకు కార్నెగీ పూనుకొనెను. 1873లో దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించి, బ్యాంకులు మూతపడెను. ఇతరులు నిర్మాణములు మానుకొనగా, కార్నెగీ మాత్రము సామగ్రియు కూలియు చౌకగా నున్న ఆ సమయముననే పని సాగించెను. 1875లో ఆ కర్మాగారమున పట్టాల తయారీ ఆరంభమయ్యెను.

ఆయన విజయమునకు అదృష్టము మాత్రమే కారణము కాదు. ప్రతి పనికి, ప్రతి వస్తువునకు ఎంత ఖర్చగుచున్నదో సెంటుతో సహా లెక్కకట్టించుచుండెను. ఖనిజము గుణమును కంటిచూపుతో ఊహించు కాలమున, రసాయనశాస్త్రజ్ఞుని నియమించి పరీక్షింపజేసెను. లాభములను భోగములకు గాక క్రొత్త యంత్రములకే వినియోగించుచుండెను. నిన్నటి యంత్రముకన్న మేలైనది నేడు దొరకినచో పాతదానిని నిస్సంకోచముగ పగులగొట్టించెడివాడు. 1870 ప్రాంతమున టన్ను నూరు డాలర్లకు పైగా నుండిన ఉక్కు పట్టాల వెల, శతాబ్దాంతమునకు ఇరువది డాలర్లకు లోబడెను. చౌకయైన ఉక్కుతో రైలుదారులు, వంతెనలు, మేడలు లేచి అమెరికా స్వరూపమే మారిపోయెను.

కాని వెల తగ్గుటకు యంత్రములతోపాటు మనుష్యులును మూల్యము చెల్లించిరి. బ్రాడాకు కర్మాగారమును నడపిన బిల్ జోన్సు అను సమర్థుడు తానును పనివాడుగా పైకి వచ్చినవాడు. కొలుములయొద్ద పదిరెండు గంటలు పనిచేయుట మానవ శరీరమునకు తగదని వాదించి, ఆయన ఎనిమిది గంటల పద్ధతిని ప్రవేశపెట్టించెను. కొన్ని సంవత్సరములు ఆ పద్ధతి నడచెను. ఇతర కర్మాగారములు దానిని అనుసరింపకపోగా, పోటీలో వెనుకబడుదుమని కార్నెగీ 1888లో మరల పదిరెండు గంటల పద్ధతిని నెలకొల్పెను. మరుసటి యేడు జోన్సు ఒక కొలిమి ప్రేలిన ప్రమాదమున మరణించెను.

ఆ కర్మాగారముల పనివారి జీవితము దుర్భరమైనది. పెక్కుమందికి వారమున ఏడు దినములు పనియే. పగటిజట్టు రాత్రికి, రాత్రిజట్టు పగటికి మారు దినమున ఇరువదినాలుగు గంటలు ఎడతెగక పనిచేయవలసి వచ్చుచుండెను. కరగిన లోహము చిందినచో కాలుసేతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణములు పోవుచుండెను. నేర్పుగల పనివారికి మంచి జీతములుండెను. వారు సంఘముగా ఏర్పడి, తమ పనితనమునకు తగిన వెల అడుగుచుండిరి. నేర్పులేని కూలీలకు మాత్రము గంటకు 14 సెంట్ల ప్రాంతమున లభించుచుండెను. యంత్రములు పెరిగినకొలది నేర్పుగలవారి అవసరము తగ్గసాగెను. డన్‌ఫర్మ్‌లిన్ నేతగాండ్రకు జరిగినదే ఇచ్చటి ఉక్కుపనివారికి జరుగుచుండెను. అప్పుడు నష్టపడినది విలియం కార్నెగీ. ఇప్పుడు లాభపడుచున్నది ఆయన కుమారుడు.

1886లో కార్నెగీ ఒక పత్రికలో వ్యాసములు వ్రాసి, పనివారికి సంఘముగా కూడు హక్కు కలదని ఒప్పుకొనెను. సమ్మెకాలమున ఒకరి పనిని మరియొకరు అపహరింపరాదన్న పనివారి నియమమును కూడ సమర్థించెను. ఆరేండ్లకే ఆ మాటలకు పరీక్ష వచ్చెను. 1892 జూన్ నెలాఖరున హోంస్టెడ్ కర్మాగారపు పనివారితో చేసికొన్న ఒప్పందము ముగిసెను. సంస్థ నిర్వాహకుడైన హెన్రీ ఫ్రిక్ జీతముల రేటు తగ్గింపదలచి, సంఘముతో బేరము నిరాకరించెను. కర్మాగారము చుట్టును ఎత్తయిన కంచె కట్టించి, పనివారిని బయట నుంచి తలుపులు మూసివేసెను. కార్నెగీ అప్పుడు స్కాట్లండున విశ్రాంతి తీసికొనుచుండెను. ఫ్రిక్ నిర్ణయములను ఆయన ఉత్తరములద్వారా ముందుగనే ఆమోదించియుండెను.

జూలై 6వ తేదీ తెల్లవారుజామున, ఫ్రిక్ రప్పించిన 300 మంది పింకర్టన్ సంస్థ కావలివారు ఆయుధములతో పడవలపై నదిలో వచ్చిరి. పనివారును వారి కుటుంబములవారును ఒడ్డున అడ్డగించిరి. దినమంతయు కాల్పులు జరిగెను. ఉభయపక్షముల పదిమంది వరకు మరణించిరి, పెక్కుమంది గాయపడిరి. పిమ్మట రాష్ట్రప్రభుత్వము సైన్యమును పంపెను. సైన్యపు రక్షణలో క్రొత్త పనివారు లోపల ప్రవేశించిరి. నవంబరునాటికి సమ్మె విఫలమయ్యెను. సంఘము విచ్ఛిన్నమయ్యెను. నాయకత్వము వహించినవారికి ఆ పరిశ్రమలో మరల పని దొరకుట దుర్లభమయ్యెను. అమెరికా ఉక్కు పరిశ్రమలో కార్మిక సంఘములు మరల బలపడుటకు 1930ల వరకు ఆగవలసి వచ్చెను.

ఆ సంఘటన తన జీవితములో మానని గాయమని కార్నెగీ తరువాత చెప్పుకొనెను. తాను దూరమున నుంటినని ఆయన సమాధానపరచుకొనజూచెను. కాని కర్మాగారము ఆయనది, ఆమోదము ఆయనది, లాభమును ఆయనదే. లోకము ఆయనను పూర్తిగా క్షమింపలేదు. మాటలలో పనివారి మిత్రుడై, చేతలలో మరియొకరీతి నుండుట యెంత బాధాకరమో హోంస్టెడ్ ఆయనకు నేర్పెను.

1901లో కార్నెగీ తన ఉక్కు సంస్థను ప్రసిద్ధ ధనపతి జె. పి. మోర్గన్ పక్షమువారికి 48 కోట్ల డాలర్లకు అమ్మివేసెను. అందులో ఆయన సొంతభాగము సుమారు 22 కోట్ల 50 లక్షల డాలర్లు. వారమునకు ఒక డాలరు ఇరువది సెంట్లకు కండెలు మోసిన బాలుడు ప్రపంచపు అగ్రశ్రేణి సంపన్నులలో ఒకడయ్యెను. ధనవంతుడు తన ధనమునకు ధర్మకర్త వంటివాడనియు, బ్రతికియుండగనే దానిని లోకోపకారమునకు వినియోగింపవలెననియు, కూడబెట్టినదానితోనే మరణించుట అవమానకరమనియు ఆయన 1889లోనే ఒక వ్యాసమున ప్రకటించియుండెను. ఇప్పుడు ఆ మాట చెల్లించుటకు సమయము వచ్చెను. పరిశ్రమను వదలిన వెంటనే ఆయన ఇచ్చిన మొదటి పెద్ద దానము పనివారికే చెందెను. పనిలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబములకు, వృద్ధులకు సహాయముగా 40 లక్షల డాలర్లతో నిధిని ఏర్పరచెను.

ఆయన దానములలో మిక్కిలి ప్రసిద్ధి గన్నవి గ్రంథాలయములు. మొదటిది జన్మస్థలమగు డన్‌ఫర్మ్‌లిన్‌లో వెలసెను. 1881లో దానికి పునాదిరాయి నాటినది ఆయన తల్లి. తరువాత అమెరికా, బ్రిటను, కెనడా మొదలగు దేశములయందు మొత్తము 2,509 గ్రంథాలయ భవనములకు ఆయన ధనమిచ్చెను. ఊరివారు స్థలమిచ్చి, ఏటేట పోషణకు దానములో పదియవ వంతు సొమ్ము కేటాయింతుమని మాట యిచ్చినగాని దానము చేసెడివాడు కాడు. తమ శ్రమ కొంతయైన కలియనిది ప్రజలు తమదిగా భావింపరని ఆయన నమ్మకము. ఆల్లిగెనీలో కర్నల్ ఆండర్సన్ స్మారకముగా 1904లో ఒక శిల్పమును నిలిపించెను. పని మధ్య విరామమున పుస్తకము చదువుచున్న శ్రామికుని మూర్తి అందు కలదు.

ఈ దానములను అందరును మెచ్చుకొనలేదు. పదిరెండు గంటలు కొలిమియెదుట కాగినవాడు గ్రంథాలయమునకు ఎప్పుడు పోవునని పనివారు అడిగిరి. గ్రంథాలయముకన్న ముందు తగిన జీతమును, విశ్రాంతియును ఇచ్చియుండిన బాగుండెడిదని కొందరు వాదించిరి. కొన్ని పట్టణములు ఆయన ధనమును నిరాకరించెను. ఈ ప్రశ్న న్యాయమైనది. అయినను ఆ భవనములలో లక్షలకొలది పేదబిడ్డలు ఉచితముగ చదువుకొనిన మాటయు సత్యమే.

శాస్త్ర పరిశోధనకు, ఉపాధ్యాయుల పింఛనులకు, ఇతరుల ప్రాణములను కాపాడిన సాహసవంతులకు, ప్రపంచశాంతికి ఆయన వేర్వేరు నిధులు నెలకొల్పెను. హేగు నగరములోని శాంతిసౌధము ఆయన ధనముతో నిర్మింపబడినదే. డన్‌ఫర్మ్‌లిన్‌లో పిటెన్‌క్రీఫ్ అను అందమైన తోట యొకటి కలదు. ఆండ్రూ తాతగారి వంశమువారు భూస్వామిని ఎదిరించినందున, ఆ కుటుంబపు పిల్లలకు అందు ప్రవేశము నిషిద్ధమై యుండెను. కార్నెగీ 1902లో ఆ తోటను కొని, పట్టణప్రజలందరి విహారమునకు అర్పించెను. శాంతికొరకు ధారపోసిన ఆ వృద్ధుని 1914లో ఆరంభమైన ప్రపంచయుద్ధము మిక్కిలి క్రుంగదీసెను. 1919 ఆగస్టు 11వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమున ఆయన దేహము చాలించెను. అప్పటికి ఆయన దానము చేసిన ధనము 35 కోట్ల డాలర్లు.

కార్నెగీ జీవితము మనయెదుట ఒక త్రాసువలె నిలుచుచున్నది. శారీరకశ్రమలో గౌరవమున్నది, స్వయముగ ఆర్జించిన కూడు తినువానికి కలుగు ఆత్మతృప్తి వేరొకదానిలో లేదు. కాని కాలము మారినచో చేతిపనిని మాత్రమే నమ్ముకొన్నవాని బ్రతుకు ఒక్కపూటలో కూలిపోవచ్చును. అందుచేత పనితోపాటు విద్యయు, వివేకమును, కొంత కూడబెట్టు అలవాటును మనుష్యునకు ఆవశ్యకములు. ఈ సత్యమును ఆండ్రూ చిన్ననాడే గ్రహించి ధనవంతుడయ్యెను. ఐనను సంపదయెంతటి గొప్పదైనను ఒక్కని చేతులతో నిర్మాణము కాదు. ఆయన కోట్లలో కొలిమి యెదుట నిలిచిన వేలమంది చెమట కలదు. ఆ ఋణమును ఆయన జీవితాంతమున ఇతర విధముల తీర్పజూచెను. పని చేయించుకొను కాలమునందే తీర్చియుండినచో ఆయన కీర్తి మరింత నిర్మలమై యుండెడిది. కష్టపడి పైకి వచ్చుట గొప్ప విషయమే. పైకి వచ్చినవాడు క్రిందనున్నవారి కష్టమును మరువకుండుట అంతకంటె గొప్పది.